బాతుముక్కు పట్టిన చెయ్యి

మా అక్క పోయింది. నంద్యాలలో మేమిద్దరం ఇన్నేళ్ళు పనిచేసిన ఆసుపత్రిలోనే, ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద, పోయిన నెలలో ఒక మధ్యాహ్నం కామెర్లతో కన్నుమూసింది. ఆ వేళకు నేను ఆపరేషన్ గదిలో ఉన్నాను. డాక్టరమ్మ చివరి కుట్టు వేసి, చేతి తొడుగులు తీసి పళ్ళెంలో పడేసి, నన్ను గోడ దగ్గరికి తీసుకుపోయి చెప్పింది. అక్కను గురించి నాలుగు మాటలు రాయమని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. దేవత అని రాస్తానని వాళ్ళ ఆశ కాబోలు. నేను ఆమె చెల్లెలిని. ఆ దేవతతో ఒకే గదిలో కాపురముండి, ఆమె దుప్పటి కూడా నేనే మడిచాను. ఆమె బతికున్నన్నాళ్ళూ ఆమెను చూసి కుళ్ళుకున్నాను. అది దాచిపెట్టి రాస్తే ముందుగా నవ్వేది మా అక్కే.

మా నాయన ఆళ్ళగడ్డలో మిషను బడి అయ్యవారు. అక్క నాకంటే బాగా పెద్దది. నేను పలకా బలపం పట్టేసరికే ఆమె నర్సు చదువుకు పోయింది. సెలవులకు గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని బస్సు దిగితే మా వీధి వీధంతా వాకిళ్ళలోకి వచ్చేది. అమ్మ ఆ రోజు కోడికూర వండి, “నా బిడ్డ పగలంతా నిలబడుకొని చేస్తాది, కాళ్ళకు బలం కావల్ల” అని రెండు కాళ్ళూ అక్క తట్టలోనే వేసేది. కోడికి మూడో కాలు ఉండదు గదా. నేను నర్సు చదువు చదివింది సేవ చేద్దామని అనుకుంటే అది మీ మంచితనం. ఆ తెల్లచీర కోసం, ఆ కోడికాలు కోసం చదివాను.

కర్నూలు రాజధాని అయిన ఏడాది నేనూ నంద్యాల ఆసుపత్రిలో చేరాను. వార్డులో అడుగుపెట్టిన మొదటిరోజే నాకు కడుపు మండింది. అక్కడున్న ఆడవాళ్ళందరూ, ఆమెకంటే పెద్దవాళ్ళతో సహా, మా అక్కను “అక్కా” అనే పిలుస్తున్నారు. నన్ను మాత్రం “నర్సమ్మా” అన్నారు. పుట్టినప్పటినుంచి ఆ పిలుపు మీద నాకొక్కదానికే హక్కు అనుకుంటూ వచ్చినదాన్ని. నా ఇంట్లో నా పెట్టె తెరిచి నా చీరలు వీధిలో అందరూ కట్టుకు తిరుగుతున్నట్టు అనిపించింది.

ఆ వార్డు సంగతి చెప్పాలి. కాన్పు కష్టమై బిడ్డ తల రోజుల తరబడి దారిలోనే ఇరుక్కుపోతే, ఆ ఒత్తిడికి తల్లి మూత్రాశయం చివికి చిల్లు పడుతుంది. బిడ్డ దక్కదు. ఆ తర్వాత మూత్రం ఆగదు, ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. పల్లెల్లో దాన్ని నీళ్ళు కారే రోగం అనేవాళ్ళు. పాణ్యం, వెలుగోడు, ఆళ్ళగడ్డ వైపు నుంచి అట్లాంటివాళ్ళు తడిచీరలతో, ముఖం దించుకుని వచ్చేవాళ్ళు. మా డాక్టరమ్మ ఆ చిల్లును కుట్టేది. అది లోపలెక్కడో చీకట్లో ఉంటుంది. కనబడాలంటే దారిని తెరిచి పట్టుకోవాలి. అందుకు వాడే పనిముట్టును మేము బాతుముక్కు అనేవాళ్ళం. రెండు కొసలూ బాతుముక్కులాగా వంగి, మధ్యలో పిడి ఉంటుంది. దానంతట అది నిలబడదు. ఒక ముక్కు లోపల పెట్టి, డాక్టరమ్మ కుట్టినంతసేపూ ఒక నర్సు దాన్ని కదలకుండా పట్టుకోవాలి. వెంట్రుకవాసి జారినా కుట్టు తప్పుతుంది. అట్లా పట్టుకునేది మా అక్క. ఎప్పుడూ మా అక్కే. నేను నీళ్ళు మరిగించాలి, గాజుగుడ్డ అందించాలి, దీపం తిప్పాలి. ఒక్కసారి ఆ బాతుముక్కు నా చేతికి రావాలి, నాకు కావలసింది అదొక్కటే.

ఆపరేషన్ ఉన్నరోజు అక్క రాణి. కుడిచేత్తో ఏ బరువూ ఎత్తదు. నీళ్ళబిందె నాది, సంచి నాది, ఆఖరికి గొడుగు కూడా నాదే. పొద్దున్నే ఇంత ఉగ్గాని తింటుంది, బజ్జి ముట్టదు. మధ్యలో బయటికి పోవలసి వస్తుందని నీళ్ళు గుక్కెడుకు మించి తాగదు.

“నీళ్ళు తాగక్కా, కండ్లు తిరిగి పడతావు,” అన్నాను ఒకసారి.

“పడితే నువ్వుండావు గదా పట్టుకునేదానికి.”

“బాతుముక్కునా?”

“నన్ను మే! దాన్ని నీకెవురిస్తారు?”

పట్టుకోవడం గురించి ఆమె చెప్పే మాట ఒకటుంది. కొత్త నర్సులకు చెప్పేది, నన్ను ఓరకంట చూస్తూ చెప్పేది. “నీ చెయ్యి నొస్తే నీకు తెలియల్ల. ఆయమ్మకు తెలియగూడదు.” ఆపరేషన్ అయినాక గదికి వచ్చి, నువ్వులనూనె వెచ్చజేసి ఆ మణికట్టుకు నేనే రుద్దాలి. రుద్దేటప్పుడు కొంచెం గట్టిగానే నొక్కేదాన్ని.

మా డాక్టరమ్మది గుంటూరు వైపు. పనిముట్లు నీళ్ళలో ఉడికేలోగా ఏదో ఒక కథ చెప్పడం ఆమె అలవాటు. బాతుముక్కు పుట్టుక కూడా ఆమె నోటనే విన్నాము.

“వందేళ్ళ కిందట అమెరికాలో ఒక డాక్టరుగారు ఉండేవారమ్మా. గుర్రం మీంచి పడ్డ ఒకావిడ్ని మోకాళ్ళ మీద వంచి పరీక్ష చేస్తుంటే గాలి లోపలికి పోయి దారంతా తెరుచుకుందట. ఆయనకు వెంటనే ఈ జబ్బువాళ్ళు గుర్తొచ్చారు. ఇంటికెళ్తూ దార్లో తగరం చెంచా ఒకటి కొన్నారు. దాని కాడ వంచి, ఈ జబ్బున్న ఒకామెను అలాగే వంచి చూశారు. అంతవరకు ఏ డాక్టరూ సరిగ్గా చూడని చిల్లు కళ్ళెదురుగా కనబడింది. ఆ చెంచాయే ఇవాళ మన బాతుముక్కు.”

తర్వాత కొంచెం గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. ఆయన కోసింది బానిస స్త్రీలను. నల్లవాళ్ళు. వద్దనే హక్కు వాళ్ళకు లేదు. మత్తుమందు లేదు. ఒకామెకు ముప్పైసార్లదాకా చేశాక, వెండితీగతో కుడితే అప్పటికి నిలిచిందట.

నేను అయ్యో పాపం అన్నాను. అక్క అట్లా అనలేదు.

“ఆయప్ప కుడతాంటే చెంచా ఎవురో పట్టుకోవల్ల గదమ్మా. ఎవురు పట్టుకున్యారు?”

డాక్టరమ్మ ఉడికే నీళ్ళలో పనిముట్లు తిప్పుతూ చెప్పింది. “మొదట్లో తోటి డాక్టర్లు వచ్చేవారట. ఎంతకీ నయం కాకపోయేసరికి విసుగొచ్చి మానేశారు. తర్వాత ఆ ఆడవాళ్ళే ఒకళ్ళకొకళ్ళు పట్టుకున్నారట.”

“ఆయప్పకేమిచ్చినారు?”

“పెద్ద పట్నంలో విగ్రహం పెట్టారమ్మా.”

“వాళ్ళకు?”

“ముగ్గురి పేర్లు మిగిలాయి. తక్కినవాళ్ళవి పేర్లు కూడా మిగల్లేదు.”

నాకు అప్పుడూ కుళ్ళే. అదే కథ నేనూ విన్నాను, అదే గదిలో నిలబడి విన్నాను. ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదు?

ఆ తర్వాత అక్క ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. నయమైన మనిషి ఇంటికి పోయేముందు, కొత్తగా బల్ల ఎక్కబోయే మనిషికి తలవైపు నిలబడి చెయ్యి పట్టుకోవాలి. పై నుంచి ఎంతమంది ఎంత ధైర్యం చెప్పినా, అదే బల్ల మీద పడుకుని లేచిన మనిషి చెయ్యి వేరు గదా. డాక్టరమ్మ మొదట శుభ్రం పేరు చెప్పి ఒప్పుకోలేదు. అక్క వాళ్ళ చేతులు సబ్బుతో రుద్ది, గౌను తొడిగి, మూతికి గుడ్డ కట్టి తెచ్చి నిలబెట్టింది. కొన్నాళ్ళకు అది మా ఆసుపత్రి ఆచారమైపోయింది. ఇండ్లకు పోయినవాళ్ళు కూడా, కబురు పెడితే చాలు, చేలల్లో కోతలు వదిలేసి బస్సెక్కి వచ్చేవాళ్ళు. నేను కబురు పెడితే వచ్చేవాళ్ళా అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎప్పుడూ పెట్టి చూడలేదు.

రాజధాని కర్నూలును వదిలి హైదరాబాదుకు పోయిన మరుసటేడు మా అక్క సింహాసనమూ పోయింది. మద్రాసు నుంచి కొత్త పనిముట్టు వచ్చింది. ఫ్రాన్సు దేశపు డాక్టరు ఎవరో ఎప్పుడో చేసిందట, మా దాకా రావడానికి అంతకాలం పట్టింది. దానికి ఒకవైపే ముక్కు, కింద బరువైన గుండు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి పెడితే, ఆ గుండు బరువుకు దారిని అదే తెరిచి ఉంచుతుంది. పట్టుకునే మనిషితో పనిలేదు. అక్క దాన్ని ఎడమచేత్తో ఎత్తి చూసి, బల్ల మీద పెట్టింది.

“సవతి వచ్చినాది,” అనింది.

నా సంతోషం ఏమని చెప్పను! నాకు రాని చోటు ఆమెకూ లేకుండా పోయింది. ఆ వారం ఉగ్గానిలోకి బజ్జీలు నేనే తెప్పించాను. అక్క మాత్రం ఆ గుండుదాన్ని చూసినప్పుడల్లా కళ్ళల్లో నిప్పులు పోసుకునేది. కడిగేటప్పుడు పళ్ళెంలో ధనామని పడేసేది. “దానికి చెయ్యి నొస్తాదా? నొప్పి తెలియందానికి పట్టుకునేది ఏం తెలుస్తాది?” అని సణిగేది. కుళ్ళు మా వంశంలోనే ఉందని, నేనొక్కదాన్నే కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ ఎండాకాలం ఇద్దరం సెలవుకు ఆళ్ళగడ్డ పోయాము. అన్నం తింటుంటే అమ్మ ఓబుళమ్మ సంగతి ఎత్తింది. భూములున్న ఇంటి కోడలు. మొదటి కాన్పులో బిడ్డ పోయి, నీళ్ళు కారే రోగం వస్తే, వాసన భరించలేక పశువుల కొట్టంలో పెట్టారట. నేను అయ్యో అంటూ పెరుగు కలుపుకుంటున్నాను. అక్క చెయ్యి కడుక్కుని అప్పటికే చెప్పులు తొడుక్కుంది.

కొట్టంలో గోనెపట్ట మీద ముడుచుకుని ఉంది ఓబుళమ్మ. చిన్నపిల్ల. అక్క ఆ తడి పట్ట మీదే ఆమె పక్కన చతికిలబడింది.

“ఆడ కూర్చోవద్దమ్మా, చీర పాడైతాది,” అనింది వాళ్ళత్త గుమ్మంలోనే నిలబడి.

“ఉతుక్కుంటాలేమ్మా. ఎంత కాలమాయ ఇట్ల?”

“యాడాది దాటె. మా వానికి యాగంటి కాడ పిల్లను చూసినాము. ఈమెను తీసకపోతానంటే పో. బాగైతే పంపీ. కాకుంటే వాళ్ళమ్మ ఇంటికే పంపీ.”

ఓబుళమ్మ ఏడవలేదు. అక్క మోచెయ్యి పట్టుకుని, “ఆ పిల్ల ఎట్లుంటాదో నువ్వు చూసినావా అక్కా?” అని అడిగింది. రోగం కంటే ఆ పిల్లే ఎక్కువ బాధపెడుతోంది ఆమెను. చూసిన గడియలోనే మా అక్కను అక్కా అనేసిందని నాకు ఒళ్ళు మండింది గానీ, ఆ ప్రశ్నతో మాత్రం నాకు ఓబుళమ్మ నచ్చింది. కుళ్ళు తెలిసిన మనిషి. మరునాడే బస్సులో నంద్యాల తీసుకొచ్చాము. పక్క సీట్లవాళ్ళు ముక్కులు మూసుకుంటే, “ముక్కు మూసుకుంటే ఏమొస్తాదప్పా, కిటికీ తియ్యండి,” అని అక్క గద్దించింది.

మొదటి ఆపరేషన్ గుండుదానితోనే చేశారు. అక్క గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది. కుట్టు బాగానే పడింది. ఇక అది ఆరేవరకు మూత్రం లోపల నిండకూడదు. అందుకని రబ్బరు గొట్టం పెడతారు, అది మంచం పక్క సీసాలోకి కారుతూ ఉండాలి. గొట్టం మడతపడితే లోపల నిండి కుట్టు తెగుతుంది. ఓబుళమ్మకు ఇదంతా చెప్పాము, తలూపింది. ఆ వారంలోనే ఆమె మొగుడు చూడడానికి వచ్చాడు. అతను గుమ్మంలో కనబడగానే ఓబుళమ్మ గొట్టాన్నీ సీసానూ దుప్పటి కిందికి లాగేసి, గొట్టం మీదే పక్కకు తిరిగి పడుకుంది. ఇంకొక పిల్లను చూసి వచ్చిన మొగుడికి తాను సీసాతో కనబడడమా! అతను ఊరి సంగతులు చెప్పినంతసేపూ కడుపు ఉబ్బి నొప్పి వస్తున్నా నోరెత్తలేదు. అతను పోయాక చూస్తే పక్కంతా తడి.

అక్క పరుగెత్తుకుంటూ వచ్చి, “సవతి పట్టిన కుట్టు, నిలుస్తాదా?” అనింది నా చెవిలో. దుప్పటి తీస్తే మడతపడిన గొట్టం కనబడింది. ఓబుళమ్మ మీద జాలితో అక్క కళ్ళు నిండాయి. సవతి తప్పు లేదని తేలినందుకు కొంచెం నిరాశ కూడా పడింది. అది ఇంకెవరికీ కనబడదు, చెల్లెలికి కనబడుతుంది.

కుట్టు తెగిన పుండు మానడానికి నెలలు పట్టింది. ఈలోగా ఆళ్ళగడ్డ నుంచి వాళ్ళత్త కబురు పంపింది, ఇంకొక్కసారే చూస్తామని, దసరా దాటితే రెండో పెండ్లికి ముహూర్తం పెడతామని. ఈసారి మచ్చ గట్టిపడి చిల్లు పైకి లాక్కుపోయింది. వెల్లకిలా పడుకోబెడితే సూది అందదు. డాక్టరమ్మ బాగా ఆలోచించి, “ఆ అమెరికా ఆయన పద్ధతేనమ్మా. మోకాళ్ళ మీద బోర్లా,” అంది. బోర్లా ఉన్న మనిషికి గుండు పనికిరాదు, జారి కింద పడుతుంది. మనిషే పట్టుకోవాలి.

అక్క ముఖం అట్లా వెలగడం నేను చాలాకాలం తర్వాత చూశాను. ఆ పొద్దున మళ్ళీ ఇంత ఉగ్గాని, గుక్కెడు నీళ్ళు. బిందె నాది, సంచి నాది.

వెన్నులో సూది వేసి, కడుపు కింద దిండ్లు పెట్టి, పట్టీలు కట్టి ఓబుళమ్మను బోర్లా వంచాము. చెయ్యి పట్టుకోవడానికి రావలసిన పాణ్యం ఆమె రాలేదు. అక్క బాతుముక్కు పెట్టి పట్టుకుంది. ఓబుళమ్మకు నడుము కింద స్పర్శ లేదు గానీ మనిషి మెలకువగానే ఉంది, పైనంతా వణుకు. ఆ వణుకుకు బల్ల కదులుతోంది.

“ఇలా కదిలితే నేను కుట్టలేనమ్మా,” అంది డాక్టరమ్మ.

“అక్కా, యాడుండావు?” అని ఓబుళమ్మ గొంతు దిండులోంచి వచ్చింది.

“నీ వెనకాల్నే ఉండా.”

“నాకు కనపడేట్టు రా అక్కా. నువ్వు కనపడకుంటే నేను తాళలేను.”

అక్క నెలల తరబడి కలవరించిన పిడి అది. దాని వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

“చిన్నమ్మీ, ఇట్ల రా. పట్టుకో.”

“నేనా?”

“ఇంకెవురుండారు మే ఈడ? నా చేతిమీద చెయ్యి పెట్టు. ఆఁ. నేను మెల్లగా తీస్తా. కదలగాకు.”

నా చేతి కిందనుంచి తన చెయ్యి లాగేసుకుని ఓబుళమ్మ తలవైపు పోయింది.

గాలి లోపలికి పోయి దారంతా విచ్చుకుని ఉంది. దీపం వెలుగులో చిల్లు కనబడింది, చిన్నది, అంచు తెల్లగా ఉంది. ఇన్నేళ్ళూ అక్క ఒక్కతే చూస్తూ ఉన్నది ఇదా అనుకున్నాను. డాక్టరమ్మ సూది ఆ అంచును ఒక్కొక్క పోగుగా పట్టుకుంటూ పోతుంటే, భుజం లాగేస్తున్నా నాకు కళ్ళు తిప్పుకోవాలనిపించలేదు. నా చెయ్యి నాకు బాగా నొచ్చింది. ఓబుళమ్మకు తెలియనివ్వలేదు. అటు కొసన అక్క నేలమీద మోకాళ్ళు వేసి, ఓబుళమ్మ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఏదో చెప్తోంది. వణుకు ఆగిపోయింది. ఒకసారి ఓబుళమ్మ నవ్వింది కూడా. ఏం చెప్తోందో నాకు వినబడలేదు. కోరుకున్న చోటు దొరికింది, నా చెవులు మాత్రం ఆ కొసనే ఉన్నాయి.

“ఏం చెప్తాంటివి అంతసేపు?” అని తర్వాత నిలదీశాను.

“నీ గురించే. చిన్నప్పుడు కోడికాలు కోసం ఏడ్చేది, ఇప్పుడు నిన్ను పట్టుకోనుండేది అదే అని చెప్తాంటి.”

ఈసారి మొగుడు వచ్చిన రోజు అక్క ముందే వార్డు గుమ్మంలో కాపు కాసింది. సీసాను అందరికీ కనబడేట్టు స్టూలు మీద పెట్టి, గొట్టాన్ని మధ్యలో ఎత్తి అతని చేతికిచ్చింది. “చూడప్పా, నీ పెండ్లాం బతుకు ఈ గొట్టంలో ఉండాది. మడత పడకుండా నువ్వే చూడల్ల.” ఆ మనిషి పంచె ఎగగట్టి, మంచం పక్కన గొంతుక్కూర్చుని, పాము పడగ పట్టుకున్నట్టు జాగ్రత్తగా పట్టుకున్నాడు. ఓబుళమ్మ సిగ్గుతో గోడవైపు తిరగబోయింది. “తిరగగాకు,” అన్నాడు అతను, “మడత పడుతాది.” యాగంటి పిల్ల మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఓబుళమ్మ పొడిచీరతో ఆళ్ళగడ్డ పోయింది. తర్వాతి కాన్పు మా ఆసుపత్రిలోనే, కడుపు కోసి తీశారు. ఆడపిల్ల. మా అక్క పేరు పెట్టారు. బాతుముక్కు పట్టింది నేను! ఆ సంగతి ఓబుళమ్మకు తెలుసు, చాలాసార్లు నేనే గుర్తుచేశాను కూడా. “అవును నర్సమ్మా, నీ చెయ్యి చల్లని చెయ్యి,” అని నవ్వేది. పేరు మాత్రం మార్చలేదు. అప్పటినుంచి బోర్లా చేసే ఆపరేషన్లకు పట్టుకోవడం నా పనే. అక్క మళ్ళీ ఆ పిడి అడగలేదు, తలవైపే నిలబడేది. నాకు చోటిచ్చి తాను ఇంకా మేలైన చోటు చూసుకుందని నేను లోలోపల ఉడుక్కున్నాను.

ఈ ఏడు ఆమెకు కామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపుపచ్చగా, ఒళ్ళు ఈనుపుల్లగా అయిపోయింది. కబురు ఎట్లా పాకిందో, పల్లెల నుంచి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. వంతులు వేసుకుని మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేవాళ్ళు. నాకు నా అక్క దగ్గర కూర్చోవడానికి జాగా లేదు. “పొండమ్మా, ఆమెకు చెల్లెలుంది,” అని ఒకటి రెండుసార్లు అరిచాను. అక్క పెదాలు కొంచెం కదిలాయి. నవ్విందనే అనుకుంటున్నాను.

ఆ పొద్దున నేనే తల దువ్వాను. వెలుగోడు నుంచి వచ్చిన ఒకామెకు ఆపరేషన్ ఉంది. పోనని మొండికేశాను.

“కుడిచేత్తో బిందె ఎత్తినావా ఈ పొద్దు?” అనింది అక్క.

“లేదక్కా.”

“అయితే ఏం చూస్తాండావు? పో బేగా. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటాంటాది.”

పోయాను. పట్టుకున్నాను. ఆపరేషన్ నడుస్తుండగా ఎవరో తలుపు తీసి డాక్టరమ్మ చెవిలో ఏదో చెప్పిపోయారు. ఆమె సూది ఒక్క క్షణం ఆగింది. నా చేతి వైపు చూసింది. మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. నాకేమీ చెప్పలేదు.

నేను వార్డులోకి వచ్చేసరికి మంచం పక్కన ఓబుళమ్మ ఉంది. ఆ పొద్దుటి బస్సుకే వచ్చిందట. అక్క కుడిచెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి వెక్కుతూ చెప్పింది.

“కండ్లు తెరవలేదు నర్సమ్మా. ‘చిన్నమ్మీ, చెయ్యి నొస్తాందా?’ అనింది. నేనని చెప్పలేకపోతి. ‘లేదక్కా’ అంటి. అంతే.”

చివరి మాట నాది. నన్ను పిలిచింది, నా చెయ్యి అనుకునే పట్టుకుంది. ఆ మాట ఓబుళమ్మ విన్నది, బదులు కూడా ఓబుళమ్మే చెప్పింది. నేను కొట్టేటట్టు చూసి ఉంటాను, ఆమె గబగబా లేచి చోటిచ్చింది. కూర్చుని అక్క చెయ్యి తీసుకున్నాను. వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం అక్కదో ఓబుళమ్మదో నాకు తెలియలేదు.